మిక్సీ, ఓటీజీ, వాక్యూమ్ విడిభాగాలకూ మాన్యువల్స్‌కూ పెట్టెలు: ఏ కొలతల్లో, దేంతో చేయించాలి?

మాచవరం_2బీహెచ్‌కే (ప్రశ్న)

వస్తువులతోపాటు వచ్చిన చిల్లర సామానంతా ఒక పద్ధతిలో పెట్టాలి. జాబితా ఇదీ: మిక్సీ గాస్కెట్లు, కప్లర్లు, బ్లేడు విప్పే స్పానర్. టేబుల్‌టాప్ గ్రైండర్ కొబ్బరి కోరు, పిండి కలిపే ఎటాచ్‌మెంటు. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఊచలు, ట్రే పట్టుకునే హ్యాండిల్. వాక్యూమ్ క్లీనర్ బ్రష్‌లు, గొట్టం, రెండు పొడవాటి పైపులు. ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మెషిన్ ట్రాన్సిట్ బోల్టులు (తరలించేటప్పుడు డ్రమ్ము కదలకుండా బిగించేవి). టీవీ టేబుల్ కాళ్లు. ఆర్వో నీళ్ల ఫిల్టరు హౌసింగ్ స్పానర్, అదనపు క్యాండిల్స్ (లోపల మార్చే ఫిల్టర్లు). ఇవి కాక అన్నిటి మాన్యువల్స్, వారంటీ కార్డులు, బిల్లులు.

చోటు: వంటింటి అటక. వెడల్పు 5 అడుగులు, లోతు 2 అడుగులు, తలుపు తీస్తే ఎత్తు 18 అంగుళాలు. పై అంతస్తు కాబట్టి అటక మీద నేరుగా శ్లాబే.

కార్పెంటర్ 12 ఎంఎం ప్లైతో 2 అడుగులు × ఒకటిన్నర × 1 అడుగు పెట్టె ఒకటి చేస్తానంటున్నాడు. ఒకే పెద్ద పెట్టె మేలా, చిన్నవి నాలుగైదు మేలా? ప్లై కాకుండా ఇంకేమైనా ఉందా? కాగితాలు కూడా అందులోనే పెట్టొచ్చా?

ఆటోనగర్_షీటుపని

ఆ పెట్టె వద్దండి. 12 ఎంఎం ప్లైతో ఆ కొలతకి ఖాళీ పెట్టే ఎనిమిది, తొమ్మిది కిలోలు తూగుతుంది. స్టూలెక్కి తలపైనుంచి దించే పెట్టె సామానుతో కలిపి 6 కిలోలు దాటకూడదు. మొదటి లెక్క ఇదే, మిగతా కొలతలన్నీ దీన్నుంచే రావాలి. పైగా ఒకే పెద్ద పెట్టె అయితే కావలసింది ఎప్పుడూ అడుగునే ఉంటుంది.

బయటి కొలత 400 × 320, ఎత్తు మూతతో 205 మి.మీ. పెట్టుకోండి. 320 ఎందుకంటే, చాలామంది 300 అంటారు. 5 ఎంఎం గోడలు రెండు వైపులా పోతే లోపల 290 మిగులుతుంది, ఏ4 కాగితం 297. ఏడు మిల్లీమీటర్ల దగ్గర పని చెడుతుంది. 320 అయితే లోపల 390 × 310 వస్తుంది. ఏ4 పరిచినట్టు పడుతుంది, ఏ5 పుస్తకం అడ్డంగా నిలబడుతుంది.

మీ అటకకు లెక్క: 320 వైపు ముఖానికి పెడితే పక్కపక్కన నాలుగు, 1280 మి.మీ. ఒకదాని మీద ఒకటి రెండు వరసలంటే ఎత్తు 410. మీ 18 అంగుళాలు 457 కదా, పైపెట్టె కొంచెం లేపి లాగడానికి చెయ్యి దూరే సందు మిగులుతుంది. అంటే ఎనిమిది వరకు పడతాయి, మీ సామానుకు నాలుగు చాలు. లోతులో వెనక 200 మి.మీ. ఖాళీ ఉంటుంది. అక్కడ ఇంకో పెట్టె దూర్చాలని చూడకండి, దాన్ని మళ్లీ ఎవరూ చూడరు. టీవీ అట్టపెట్టె విప్పి చదును చేసి, అటకలో పట్టేటట్టు మడిచి ఆ సందులో నిలబెట్టండి.

సరుకు: 5 ఎంఎం పీవీసీ ఫోమ్ షీటు. ఫ్లెక్సీలు, షాపు బోర్డులు చేసేవాళ్లు సన్‌బోర్డు అంటారు. చెద పట్టదు, నీళ్లకి ఉబ్బదు, పేపర్ కట్టర్‌తో కోసుకోవచ్చు. ఈ కొలతలో ఖాళీ పెట్టె సుమారు ఒకటిన్నర కిలో. ఎండీఎఫ్ (చెక్కపొట్టు నొక్కి చేసే పలక) అసలొద్దు, ఒక్కసారి తడిస్తే అంచులు పూరీలా పొంగుతాయి. అట్టపెట్టెలు మన ఉక్కలో మెత్తబడి కుంగుతాయి, వాటి జిగురుకు పురుగు చేరుతుంది.

8 × 4 అడుగుల షీటులో నాలుగు పెట్టెలు, అడ్డుగోడలతో సహా వస్తాయి. కోత ఇలా: 400 × 320 ముక్కలు ఎనిమిది (నాలుగు అడుగు పలకలు, నాలుగు మూతలు), 400 × 195 ఎనిమిది, 310 × 195 ఎనిమిది. షీటు అడ్డం 1220 కాబట్టి 400 ముక్కలు వరసకు మూడు పడతాయి. పెద్ద ముక్కల మూడో వరసలో ఒక చోటు, 195 ముక్కల మూడో వరసలో ఒక చోటు మిగులుతాయి, పొట్టి గోడలు రెండు అక్కడ తీయండి. చివర సుమారు 500 మి.మీ. పొడవు షీటు మిగులుతుంది, అడ్డుగోడలకూ మూత పట్టీలకూ అది సరిపోతుంది. ఐదో పెట్టె కోసం ఆశపడితే అడ్డుగోడలకు ఉండదు.

కోసేటప్పుడు స్టీలు స్కేలు ఆనించి మూడు నాలుగు గీతల్లో తెగేలా కోయండి. ఒకే ఊపులో నొక్కితే బ్లేడు వాలుతుంది, అంచు ఏటవాలుగా వస్తుంది, అతుకు పైన మూసుకుని కింద తెరుచుకుంటుంది. అతకడానికి ఫెవికాల్ పనికిరాదు, ఈ షీటు నీళ్ల జిగురును పీల్చుకోదు. పీవీసీ పైపులకు రాసే సాల్వెంట్ సిమెంటు సన్నగా రాసి, రెండు నిమిషాలు పట్టుకుని, టేపు చుట్టి రాత్రంతా వదిలేయండి. ఇన్‌స్టంట్ గమ్ త్వరగా పట్టుకుంటుంది గానీ పెళుసు, కిందపెట్టేటప్పుడు ఒక దెబ్బ తగిలితే విడిపోతుంది.

అడ్డుగోడ ఎత్తు కూడా 195 ఉంచండి. మూత దాని మీద ఆనుతుంది, పైపెట్టె బరువుకు మధ్యలో కుంగదు. మూత అడుగున అంచు నుంచి 7 మి.మీ. లోపలికి 25 మి.మీ. వెడల్పు పట్టీలు అతికించండి. గోడ 5, ఆడడానికి 2. అడ్డుగోడ వచ్చే చోట పట్టీ తెంపాలి, లేకపోతే మూత కూర్చోదు.

ఇక పట్టుకునే కన్నం. షాపు పెట్టెలకు ఉన్నట్టు పక్కన కన్నం కోయొద్దు. వంటింటి అటకలో అది బొద్దింకలకు సింహద్వారం. నైలాన్ నవారు వేయండి, అది కూడా గోడకు మాత్రమే బిగిస్తే చాలదు. ఈ పెట్టెలో గోడలు అడుగు పలక మీద నిలబడి ఉంటాయి. ఎత్తినప్పుడు బరువంతా అడుగు జిగురు గీతను కిందికి ఊడదీస్తుంది. నవారు అడుగు కింద నుంచి చుట్టి రెండు పక్కలకూ రావాలి. అప్పుడు బరువు నవారు మీద పడుతుంది, జిగురు మీద కాదు.

ఫైళ్ల_పిచ్చి

కాగితాలు అటక ఎక్కించకండి. బీరువాలో ఒక ఎక్స్‌పాండింగ్ ఫైలు పెట్టండి, అరకు ఒక వస్తువు. మెకానిక్ వచ్చి బిల్లు అడిగినప్పుడు స్టూలు వెతుక్కునే పని ఉండదు.

అన్నిటికంటే ముందు పాడయ్యేది బిల్లు. షోరూంలో ఇచ్చే నున్నటి బిల్లు థర్మల్ కాగితం, దాని మీద సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. వేడిలో, వెలుతురులో అక్షరాలు పాలిపోతాయి. మెత్తటి పీవీసీ కవర్లో పెడితే ఇంకా త్వరగా పోతాయి, ఆ కవరును మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం పూతను తినేస్తుంది. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి మొత్తం నల్లగా మాడిపోతుంది, కాబట్టి ఆ ఆలోచనే వద్దు. కొన్నరోజే జిరాక్స్ తీయించి, అసలుతో కలిపి కాగితం కవర్లో పెట్టండి. ఫోనులో ఫోటో కూడా తీయండి. కంప్రెసర్‌కు, మోటారుకు పదేళ్ల వారంటీలు ఇస్తున్నారు, పదేళ్ల తర్వాత తెల్లకాగితం చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు.

పారదర్శకపు కవర్లే కావాలంటే త్రికోణంలో 5 అంకె ఉన్నవి, పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి. 3 ఉంటే పీవీసీ, జిరాక్స్ అక్షరాలు కూడా దానికి అంటుకుని లేచొస్తాయి.

మాన్యువల్స్ అన్నీ దాచాల్సిన పని లేదు. ఇస్త్రీపెట్టె, ఫ్యాను పుస్తకాలు ఎవరూ తెరవరు. ఎర్రర్ కోడ్లు ఉండేవి ముఖ్యం: వాషింగ్ మెషిన్, ఏసీ, ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్. ప్రతి పుస్తకం అట్ట మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు, కొన్న తేదీ పెన్నుతో రాయండి. ఫ్రిజ్ సీరియల్ స్టిక్కరు లోపలి గోడమీదో వెనకో ఉంటుంది, పుస్తకం మీద రాసి ఉంటే కాల్ సెంటరు వాళ్లు అడిగినప్పుడు ఫ్రిజ్‌ను గోడ నుంచి లాగక్కర్లేదు.

గుంటూరు_సర్వీస్‌బెంచ్

పెట్టె కొలతలు బాగున్నాయి. కానీ సామాను ఎలా విడదీస్తున్నారు? వస్తువుకో పెట్టె అనుకుంటే దెబ్బతింటారు. మిక్సీ పెట్టె పావు నిండుతుంది, వాక్యూమ్ పెట్టె మూత పడదు. ఎప్పుడు కావాలో దాన్నిబట్టి విడదీయండి. నెలకోసారి చెయ్యి వెళ్లేవి ఒకచోట. రిపేరుకు, మార్పిడికి కావలసినవి ఒకచోట. ఇల్లు మారినప్పుడు తప్ప అక్కర్లేనివి ఒకచోట. పెట్టెలో మాత్రం వస్తువుకో జిప్ కవరు.

ఇల్లు మారే పెట్టెలో మొదట పడాల్సింది ట్రాన్సిట్ బోల్టులు. మోడల్‌నుబట్టి మూడో నాలుగో ఉంటాయి, ఒక్కోదానికి రబ్బరు బుడిపె ఉంటుంది. లెక్కపెట్టి ఒకే కవర్లో పెట్టి, ఎన్ని ఉన్నాయో రాయండి. అవి లేకుండా మెషిన్ బండెక్కిస్తే డ్రమ్ము ఊగి షాక్‌అబ్జార్బర్లు దెబ్బతింటాయి. టీవీ కాళ్లూ వాటి స్క్రూలూ అందులోనే. టీవీ స్క్రూలు వేరే స్క్రూలతో కలపొద్దు, పొడుగుది బిగిస్తే లోపలి ప్యానెల్‌కు తగులుతుంది.

ఇక శ్లాబు కింద అటక అన్నారు కదా. మే నెలలో అది ఇంటి మొత్తంలో వేడి చోటు. రబ్బరు అక్కడ పెట్టొద్దు. మిక్సీ గాస్కెట్లు, కుక్కర్ గాస్కెట్, ఇన్‌లెట్ పైపు వాషర్లు గట్టిపడి, వేసేటప్పటికి పగుళ్లు ఇస్తాయి. వంటింట్లో కింది అరలో, చిన్న డబ్బాలో, మడతపెట్టకుండా గుండ్రంగా పరిచి ఉంచండి. రబ్బరుబ్యాండ్లతో కట్టొద్దు, మేకుకు తగిలించొద్దు, ఆ నొక్కు అలాగే ఉండిపోయి అక్కడే కారుతుంది. ఆర్వో క్యాండిల్స్ కూడా కిందే, సీలు విప్పకుండా.

వాక్యూమ్ గొట్టం పెట్టెలో కుక్కొద్దు. చిన్న చుట్టగా చుట్టి వదిలేస్తే మడత పడ్డచోట చీలుతుంది, మోటారు మోత తప్ప గాలి లాగదు. తలుపు వెనక వెడల్పాటి కొయ్యకు వేలాడదీయండి, పైపులూ అక్కడే. 450 మి.మీ. పైపు మీ పెట్టెలో ఐమూలగా పడుతుంది గానీ పెట్టెంతా అదే తినేస్తుంది. బ్రష్‌లు, సందుల్లో దూర్చే మూతి మాత్రం నెలవారీ పెట్టెలో.

ఓటీజీ ఊచలకు ఒకటిన్నర అంగుళం ప్లంబింగ్ పైపు ముక్క, రెండు ఎండ్‌క్యాప్‌లు. పెట్టెలో చెయ్యి పెట్టినప్పుడు గుచ్చుకోవు. కడిగి, తుడిచి, ఒక చుక్క వంటనూనె పట్టించి పెట్టండి, తడి మూసేస్తే తుప్పు.

ఇంకోటి. వైర్లు, ఛార్జర్లు థర్మోకోల్‌లో గుచ్చి దాస్తుంటారు. పీవీసీ వైరు థర్మోకోల్‌ను కరిగించి అందులో దిగబడిపోతుంది, వైరు గట్టిపడి తొడుగు పగులుతుంది. మధ్యలో కాగితమైనా చుట్టండి. పాత రిమోట్లు దాచే ముందు సెల్స్ తీసేయాలి, కారితే స్ప్రింగులు తినేస్తాయి.

అరండల్‌పేట_అద్దెఇల్లు

ఇంత పని అవసరమా అండి? గుంటూరు పట్నంబజారులోనో మీ విజయవాడ వన్‌టౌన్‌లోనో మూత లాక్ పడే పాలీప్రొపిలీన్ డబ్బాలు నాలుగు తెచ్చుకుంటే సరిపోదా? అద్దె ఇళ్లవాళ్లకు అటక కొలత ఏడాదికోసారి మారుతుంది.

ఆటోనగర్_షీటుపని

సరిపోతుంది. కొనేటప్పుడు రెండు చూసుకోండి. డబ్బా మీద రాసే కొలత పై అంచుది, కిందికి వచ్చేసరికి సన్నబడుతుంది, అడుగున ఏ4 పట్టకపోవచ్చు. టేపు తీసుకెళ్లి లోపల అడుగు కొలవండి. రెండోది, గాజులా తళతళలాడే గట్టి ప్లాస్టిక్ వద్దు, అది పాలీస్టైరీన్ కావొచ్చు, వేళ్లతో నొక్కితే పెళుక్కుమంటుంది. కొంచెం మబ్బుగా, వంగేది తీసుకోండి.

అటక లేక మంచం కింద పెట్టేవాళ్లకు ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి ఎంత ఎత్తున వచ్చాయో అందరికీ తెలుసు. గ్రౌండ్‌ఫ్లోర్‌లో కాగితాల ఫైలు బీరువా పై అరలోనే ఉండాలి.

మాచవరం_2బీహెచ్‌కే

చాలా ఉపయోగపడింది. మూడు సందేహాలు. పురుగులకు కలరా ఉండలు వేయొచ్చా? పేర్లు మార్కర్‌తో రాస్తే చాలా? నవారు ఎంత పొడవు తీసుకోవాలి?

గుంటూరు_సర్వీస్‌బెంచ్

కలరా ఉండలు వద్దు. ఆ ఆవిరికి కొన్ని గట్టి ప్లాస్టిక్‌లు మెత్తబడి జిగటవుతాయి. ఆర్వో కార్బన్ క్యాండిల్ దగ్గర అసలే పెట్టకండి, కార్బన్ పనే వాసన పీల్చుకోవడం. కాగితాల ఫైలులో ఎండిన వేపాకు వేసుకోండి, సంక్రాంతికి, దసరాకు ఒకసారి దులపండి.

ఫైళ్ల_పిచ్చి

మార్కర్ చెరిగిపోతుంది, సెల్లోటేపు వేడికి పసుపెక్కి ఊడిపోతుంది. ముఖం వైపు పారదర్శకపు షీటు ముక్కను మూడు పక్కలా అతికించి జేబులా చేయండి. పెట్టెలో ఏముందో పెన్సిల్‌తో రాసిన కార్డు అందులో దూర్చండి. సామాను మారితే కార్డు మారుతుంది. మూత మీద రాయకండి, కింద నుంచి కనపడదు.

ఆటోనగర్_షీటుపని

25 మి.మీ. నవారు, పెట్టెకు 1.1 మీటరు. అడుగుకు 400, పక్కలకు 150 చొప్పున 300, పట్టుకునే మడతలకు 200 చొప్పున 400. నాలుగింటికి నాలుగున్నర మీటర్లు తెచ్చుకోండి. పొడవు దిశలో చుట్టాలి, అప్పుడే పట్టు ముఖం వైపుకు వస్తుంది. కార్డు జేబు దానికి పక్కగా పెట్టండి. కోసిన చివరలు కొవ్వొత్తికి చూపిస్తే పోగులు ఊడవు. పక్కకు రెండు చొప్పున 5 ఎంఎం బోల్టులు, 20 మి.మీ. పొడవువి, లోపలా బయటా వాషర్లతో. వాషరు లేకుండా బిగిస్తే తల షీటులోకి దిగిపోతుంది. తల లోపలికి, నట్టు బయటికి ఉండాలి, నట్టు గుండ్రటి డోముది తీసుకోండి.