హోసే లూయిస్ క్వేవాస్ బొమ్మల్లో మనుషులు ఎందుకంత కలవరపెడతారు?

నీలిసిరా:
అందరికీ నమస్తే. మెక్సికో చిత్రకళ అంటే నాకు డియేగో రివేరా, ఫ్రీడా కాలో, అంతవరకే తెలుసు. మొన్న క్వేవాస్ ఇంకు బొమ్మలు కొన్ని చూశాను. వంకర తిరిగిన ముఖాలు, బరువెక్కిన ఒళ్లు, మనల్నే చూస్తున్నట్టుండి మనల్ని చూడని కళ్లు... రెండు రోజులైనా మనసులోంచి పోవట్లేదు. ఈయన మొదటి నుంచీ ఇలాగే గీశారా? శిల్పాలు కూడా చేశారట, వాటిలోనూ ఇదే బాధ ఉంటుందా?

గీతలమనిషి:
చిన్నప్పటి నుంచే మొదలుపెట్టాలండి. మెక్సికో సిటీలో వాళ్ల తాతగారు నడిపిన కాగితాలు, పెన్సిళ్ల ఫ్యాక్టరీ పైనే పుట్టారు. పదేళ్లప్పుడు లా ఎస్మెరాల్డా ఆర్ట్ స్కూల్లో చేరారు కానీ, రుమాటిక్ ఫీవర్ వచ్చి చదువు ఆగిపోయింది, చాలాకాలం మంచానికే అంటిపెట్టుకుపోయారు. ఆ తర్వాత లా కాస్తన్యేడా అనే మానసిక రోగుల ఆసుపత్రికి వెళ్లి అక్కడి వాళ్లను చూస్తూ గీశారు. మీరు చెప్పిన ఆ కళ్లు ఊహించి గీసినవి కావు, ఎదురుగా కూర్చుని చూసినవి. 1954లో వాషింగ్టన్‌లో ప్రదర్శన పెట్టేనాటికి ఇంకా కుర్రాడే.

రాతిబొమ్మ:
అదంతా నిజమే, కానీ రోగుల మీద జాలితో గీశారని మాత్రం అనుకోవద్దు. అప్పట్లో మెక్సికోలో పెద్దపీట అంతా గోడ చిత్రాలదే: విప్లవం, రైతులు, జెండాలు. ఒంటరి మనిషికి, వాడి భయానికి అక్కడ చోటు లేదని క్వేవాస్‌కు కోపం. 1950ల్లో ‘నాగజెముడు తెర’ అని ఒక వ్యాసం రాసి ఆ ధోరణిని గట్టిగా దులిపేశారు, తర్వాత రుప్తూరా తరం, అంటే పాత ధోరణితో తెగతెంపులు చేసుకున్న తరం, అని పిలిచిన కళాకారుల్లో ఈయన పేరు ముందుంటుంది. పైగా తనను తాను కూడా వదల్లేదు, ఆయన స్వీయచిత్రాలు లెక్కలేనన్ని. జాలిపడేవాడు ఆ గుంపులో తన ముఖం ఎందుకు పెట్టుకుంటాడు?

శిల్పాల సంగతికొస్తే, మెక్సికో సిటీ పాతబస్తీలో ఒకప్పటి సాంతా ఇనెస్ కాన్వెంట్‌లో 1992లో ఆయన పేరుతో మ్యూజియం తెరిచారు. దాని నడి ప్రాంగణంలో ‘లా హిగాంతా’, అంటే రాకాసి ఆడమనిషి, నిలబడి ఉంటుంది. 8 మీటర్ల ఎత్తు, దాదాపు 8 టన్నుల కంచు. దగ్గరికెళ్తే ముందు కాళ్లే కనిపిస్తాయి, ముఖం కోసం మెడ వెనక్కి వాల్చాలి. గొప్ప శిల్పమే, కాదనను. కానీ నాకు మాత్రం అరచేయంత కాగితం మీద ఆయన గీసిన ముఖమే ఎక్కువ గుచ్చుకుంటుంది, ఎందుకంటే దాన్ని చూడాలంటే మనమే దగ్గరికి వంగాలి.

నీలిసిరా:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. జాలి అనే మాట నా మనసులోనూ ఉంది, అదే తప్పుదారి పట్టించినట్టుంది. ఈ రాత్రికి స్వీయచిత్రాలు వరసగా చూస్తాను, కుర్రతనం నుంచి 2017లో పోయేదాకా ఆ ముఖం ఎలా మారిందో చూడాలని ఉంది.