2004 ఫైనల్స్‌లో లేకర్స్ ఎలా ఓడిపోయారు?

ప్రశ్న: షాక్ (షకీల్ ఓనీల్), కోబీ, మలోన్, పేటన్ నలుగురు స్టార్లూ ఉన్న లేకర్స్ 2004 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్‌లో డెట్రాయిట్ పిస్టన్స్ చేతిలో 4-1 తేడాతో ఎలా ఓడిపోయారండీ? మలోన్ మోకాలి గాయమే కారణమా?

జవాబు: గాయం ఒక కారణమే, కానీ అసలు సంగతి డిఫెన్స్. షాక్‌ని చాలాసేపు పిస్టన్స్ ఆటగాడు బెన్ వాలెస్ ఒక్కడే కాచుకున్నాడు, దాంతో అతని జట్టులో మిగతావాళ్లు తాము కాచుకునే మనిషిని వదిలి రావాల్సిన పని పెద్దగా పడలేదు, కోబీకి టేషాన్ ప్రిన్స్ ఆ పొడవాటి చేతులతో ఊపిరాడనివ్వలేదు. మూడో మ్యాచ్‌లో లేకర్స్ చేసింది 68 పాయింట్లే!

జవాబు: రెండో మ్యాచ్ మర్చిపోకండి. చివర్లో కోబీ త్రీ (మూడు పాయింట్ల షాట్) కొట్టి మ్యాచ్‌ని ఓవర్‌టైమ్‌కి (అదనపు సమయానికి) తీసుకెళ్లాడు కాబట్టే లేకర్స్‌కి ఆ ఒక్క గెలుపైనా దక్కింది. అబ్బ, ఎంత టెన్షనో!

జవాబు: ఫిబ్రవరిలో రషీద్ వాలెస్ వచ్చాకే పిస్టన్స్ జట్టు పూర్తయింది. బోస్టన్, టొరంటో, డెన్వర్, మిన్నెసోటా జట్లన్నీ తిరిగి పిస్టన్స్‌కి వచ్చిన బిలప్స్ ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడంటే నాకిప్పటికీ మనసు నిండిపోతుంది.