టూర్‌కి ముందు జిరో తొక్కడం వింగెగార్డ్‌కి మంచిదేనా?

రాజోలు రైడర్:
2026 సీజన్‌లో సైక్లిస్టు వింగెగార్డ్ మేలో ఇటలీలో జరిగే మూడు వారాల సైకిల్ రేసు జిరో డి ఇటాలియా తొక్కి, జూలైలో అలాంటిదే అయిన ఫ్రాన్స్ రేసు టూర్ డి ఫ్రాన్స్‌కి వస్తాడని అతని టీమ్ విస్మా ప్రకటించింది. నా మటుకు నాకు ఇది నచ్చలేదండి. 2024, 2025 టూర్లలో ప్రత్యర్థి పోగచార్ మనవాణ్ణి 6 నిమిషాల 17 సెకన్లు, 4 నిమిషాల 24 సెకన్ల తేడాతో వెనక్కి నెట్టాడు. అంత తేడా పూడ్చాలంటే ఉన్న సత్తువంతా జూలైకే దాచుకోవాలి. ఈసారి ఆల్ప్ డ్యుయెజ్ కొండ మీదికి 19, 20 స్టేజీల్లో (ఒక్కో రోజు రేసు ఒక్కో స్టేజీ) వరసగా రెండు రోజులు ఎక్కిస్తున్నారు. మేలో మూడు వారాలు అరగదీసిన కాళ్లు అక్కడ పనిచేస్తాయా?

యానాం నుంచి:
ఎందుకు పనిచేయవు అన్నా? 2024లో పోగచార్ ఇదే చేసి రెండూ గెలిచాడు. 1998లో పంతాని తర్వాత మళ్లీ అతనే. అప్పుడు జిరో ముగిసిన 34 రోజులకి టూర్ మొదలైంది, ఇప్పుడూ సరిగ్గా అంతే. 2022, 2023 టూర్లు, 2025 వుయెల్టా (స్పెయిన్‌లో జరిగే ఇలాంటి మూడో పెద్ద రేసు) వింగెగార్డ్ ఖాతాలో ఉన్నాయి. జిరో కూడా కొడితే మూడూ గెలిచిన ఎనిమిదో మనిషి అవుతాడు. రెండేళ్లు ఒకే దారిలో వెళ్లి రెండో స్థానంతోనే తిరిగొచ్చాడు కదా, దారి మార్చి చూడనివ్వండి.

రావులపాలెం:
మీరిద్దరూ అతని కాళ్ల దగ్గరే ఆగిపోయారు. నా టెన్షన్ అతని ముందు గాలి కాసే టీమ్‌మేట్ల గురించి. సైమన్ యేట్స్ జనవరిలో రిటైరైపోయాడు. బెనూట్, వాన్ బార్లె వేరే టీములకి వెళ్లిపోయారు. వాన్ ఆర్ట్‌కి సైక్లోక్రాస్‌లో (బురద దారుల సైకిల్ రేసు) చీలమండ విరిగి ఆపరేషన్ అయింది.

మన డెల్టాలో కొండల్లేవు, ఎక్కడమంటే వంతెనలే. కానీ గాలంటే ఏంటో మనకి బాగా తెలుసు. సాయంత్రం రాజోలు నుంచి అంతర్వేది వైపు గుంపుగా వెళ్తే సముద్రపు గాలి ఎదురు తంతుంది. ముందున్నవాడు హ్యాండిల్ మీదికి వంగిపోయి ఒక్క మాట కూడా మాట్లాడలేడు. అతని వెనక చక్రానికి జానెడు దూరంలో ఉన్నవాడు కబుర్లు చెబుతూ తొక్కుతుంటాడు. ముందున్నవాడు పక్కకి తప్పుకున్నాడా, కబుర్లు అక్కడితో బంద్.

2025 జిరో 20వ స్టేజీ గుర్తుందా? ఫినెస్ట్రె కొండ మీద యేట్స్ ఒంటరిగా దూసుకెళ్లాడు. కొండ దిగాక, ముందే బ్రేక్‌అవేలో (రేసు గుంపు కంటే ముందుకెళ్లిపోయిన కొద్దిమందిలో) వెళ్లిన వాన్ ఆర్ట్ ఆగి అతన్ని అందుకున్నాడు. సెస్త్రియెరె వైపు లోయలో ముందుండి లాగాడు. వెనక ప్రత్యర్థులు డెల్ టోరో, కరపాజ్ నువ్వు లాగంటే నువ్వు లాగని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండిపోయారు. జిరో లీడర్ వేసుకునే పింక్ జెర్సీ యేట్స్‌కి వచ్చేసింది. యేట్స్ గొప్పగానే ఎక్కాడు, కాదనను. కానీ ఆ లోయలో వాన్ ఆర్ట్ లేకపోతే?

యానాం నుంచి:
అందుకే కదండీ విస్మా వాళ్లు పిగన్జోలి, అర్మిరాయ్‌లని కొత్తగా తీసుకున్నారు.

రాజోలు రైడర్:
రావులపాలెం అన్న చెప్పిన మాటతో నా వాదనకి ఇంకా బలం వచ్చింది. పోగచార్‌ని విస్మా గట్టిగా దెబ్బకొట్టింది ఎప్పుడు? 2022 టూర్‌లో, గలిబియె కొండ మీద. అప్పటి విస్మా రైడర్ రోగ్లిచ్ ఒకసారి, వింగెగార్డ్ ఒకసారి దాడి చేస్తుంటే ప్రతిదానికీ తనే బదులిచ్చి, చివరికి గ్రానోన్ కొండ మీద పోగచార్ చేతులెత్తేశాడు. అలా చేయాలంటే ఇద్దరు ముగ్గురు బలమైనవాళ్లు తాజాగా ఉండాలి. టూర్‌కి ఎనిమిది మందినే పంపనిస్తారు. పైగా తొలిరోజే బార్సిలోనాలో టీమ్ టైమ్ ట్రయల్ (టీమంతా కలిసి గడియారంతో పోటీపడే స్టేజీ).

కాబట్టి వింగెగార్డ్ జిరోకి వెళ్లే తీరుతానంటే వెళ్లనీ. యోర్గెన్సన్, కస్, కంపెనార్ట్స్‌ని మాత్రం మేలో ముట్టుకోకూడదు. పిగన్జోలిని, మిగతా కుర్రాళ్లని ఇటలీకి తీసుకెళ్లమనండి.

యానాం నుంచి:
కొండల్లో కస్ పక్కన లేకుండా జిరో గెలవడం కష్టం అన్నా. పింక్ జెర్సీ కోసం వెళ్తూ సగం టీమ్‌ని ఇంట్లో కూర్చోబెడితే, అటు ఇటలీ పోతుంది, ఇటు ఫ్రాన్స్ కూడా గ్యారంటీ లేదు. వెళ్తే పూర్తి బలగంతో వెళ్లాలి.

రావులపాలెం:
పూర్తి బలగం రెండు రేసులకీ సరిపడా ఉంటే అసలీ చర్చే లేదు తమ్ముడూ. అది ఈ ఏడాది పోగచార్ టీమ్ యూఏఈ దగ్గరుంది, విస్మా దగ్గర లేదు.