అమ్మానాన్నల సంరక్షణకు ఏ ఏజెన్సీని నమ్మాలి?

డాలస్ నుండి, ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు గుంటూరు బ్రాడీపేటలో ఇద్దరే ఉంటున్నారు. నాన్నగారికి 79 ఏళ్లు. రెండు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మూత్రపు గొట్టం ఇంకా తీయలేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు కావడంతో ఆయనను మంచంలో ఒత్తిగిలించడం కూడా ఆమె వల్ల కావడం లేదు. ఇరవై నాలుగు గంటలూ ఇంట్లో ఉండే మనిషి కోసం మూడు ఏజెన్సీలతో మాట్లాడితే, శిక్షణ పొందినవారనీ, పోలీసు విచారణ పూర్తయిందనీ, నచ్చకపోతే మార్చి ఇస్తామనీ ముగ్గురూ ఒకే పాఠం అప్పజెప్పారు. ఇందులో ఏది నిజమో ఇంత దూరం నుండి తేల్చుకోవడం ఎలాగో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

కూకట్‌పల్లి నుండి:
మా అత్తగారి కోసం మూడేళ్లలో రెండు ఏజెన్సీలను చూశాము. మొదటి ఏజెన్సీకి నెలకు 27 వేలు ముందుగానే కట్టేవాళ్లం. వచ్చిన అమ్మాయి మంచిదే, అత్తగారికి తల దువ్వి జడ కూడా వేసేది. కానీ నాలుగో నెలలో ఒక రాత్రి పదకొండు గంటలకు బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. మర్నాడు కోపంగా ఫోను చేస్తే, మేమిచ్చే 27 వేలలో తన చేతికి 14 వేలే అందుతున్నాయనీ, అవి కూడా రెండు నెలలుగా ఇవ్వలేదనీ, ఊళ్లో పిల్లవాడి ఫీజు కట్టడానికి దిక్కులేక వెళ్లాననీ చెప్పింది. అప్పటి నుండి నేను ఏ ఏజెన్సీనైనా మొదట అడిగేది ఒక్కటే: మేము కట్టే డబ్బులో మా ఇంటికి వచ్చే మనిషికి ఎంత ఇస్తారు, ఏ తారీఖున ఇస్తారు? రెండో ఏజెన్సీ యజమాని తడుముకోకుండా అంకె చెప్పి, నెలకు రెండు రోజుల సెలవు, ఆ రోజుల్లో బదులు మనిషిని పంపే ఏర్పాటు ఒప్పంద పత్రంలోనే చూపించారు. అక్కడి నుండి వచ్చినామె ఇరవై నెలలుగా మా ఇంట్లోనే ఉంది. ఈ ప్రశ్నకు ముఖం చిట్లించేవారి దగ్గర మనుషులు నిలవరు. అప్పుడు మన ఇంటికి వారానికొక కొత్త ముఖం వస్తుంది, మందుల డబ్బా గురించి ప్రతిసారీ మొదటి నుండి చెప్పుకోవాలి.

విశాఖపట్నం నుండి, విశ్రాంత స్టాఫ్ నర్సు:
"ట్రైన్డ్" అన్న మాట దగ్గర ఆగండి. నర్సింగ్ చదువుల్లో జీఎన్ఎం మూడేళ్ల కోర్సు, ఏఎన్ఎం రెండేళ్లది; ఇవి చదివినవారికి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, అడిగితే చూపించాలి. జనరల్ డ్యూటీ అసిస్టెంటు శిక్షణ కొన్ని నెలలదే. స్నానం చేయించడం, తినిపించడం, డైపరు మార్చడం వారి పని. ఈ రెండూ కాకుండా ఆస్పత్రుల్లో ఆయాలుగా చేసి పని నేర్చుకున్నవారూ వస్తుంటారు, వారిలో ఎంతో చెయ్యి తిరిగినవారిని చూశాను. ఆయాను పంపి నర్సు రేటు కట్టించుకోవడమే మోసం. మీ నాన్నగారికి గొట్టం మార్చడం నర్సు పని గనుక ఆ రోజుకు నర్సును పిలిపించుకోండి. రోజంతా నర్సు ఉండనక్కరలేదు.

వచ్చే మనిషితో వీడియో కాల్‌లో మాట్లాడండి. మంచంలో ఉన్నవారిని ఎంతసేపటికి ఒకసారి ఒత్తిగిలించాలని అడిగితే రెండు గంటలకని రావాలి. యూరిన్ బ్యాగు మూత్రాశయం కంటే కిందగా, నేలకు తగలకుండా వేలాడదీయాలని తెలిసి ఉండాలి. పక్షవాతం వచ్చినవారికి పడుకోబెట్టి నీళ్లు పడితే పొరబోతుందని, నడుము కింద, మడమల దగ్గర ఎర్రబడి, నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టేనని చెప్పగలగాలి. పుస్తకం మాటలు రాకపోయినా చేతులతో చూపించగలిగితే చాలు.

నెల్లూరు నుండి:
నా వయసు 76. ఇక్కడ పిల్లలే మాట్లాడుతున్నారు కనుక, మంచం పక్కన కూర్చునేవాడిగా నేనూ చెబుతాను. మా ఆవిడకు పార్కిన్సన్స్. మా అబ్బాయి బెంగళూరు నుండి అన్నీ విచారించి, మాతో మాట మాత్రమైనా అనకుండా మనిషిని పంపాడు. మా ఆవిడ ఆమెను గుమ్మంలోనే "మీరేవిట్లు?" అని కులం అడిగింది. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది, నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత వంటగదిలోకి రావడం గురించి గొడవ, ఆమెకు పెట్టే అన్నం గురించి గొడవ. తొమ్మిది రోజులకు వెళ్లిపోయింది. ఆ తప్పు ఏజెన్సీది కాదు, మాది. రెండోసారి వేరే ఏజెన్సీవారు ముందుగా సూపర్‌వైజరును పంపారు. ఆయన మంచం ఎత్తు, బాత్రూము గడప చూసి, వచ్చే మనిషి ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది, వంట చేయాలా వద్దా అని మా ఆవిడనే అడిగి రాసుకున్నారు. ఈ జబ్బులో మందు వేళ తప్పితే ఒళ్లు బిగుసుకుపోతుందని ఆయనకు తెలుసు. వేళలు గోడకు అంటించి వెళ్లారు. ఇల్లూ రోగినీ చూడకుండా మనిషిని పంపేవారిని నేనైతే నమ్మను.

హనుమకొండ నుండి:
ఏజెన్సీయే అక్కరలేదని అనుకున్నవాణ్ని నేను. ఆస్పత్రిలో పరిచయమైన ఆయమ్మను నేరుగా పెట్టుకుంటే నెలకు ఏడెనిమిది వేలు మిగిలేవి, కానీ బతుకమ్మకు ఊరెళ్లి ఆమె పదిహేను రోజులు రాలేదు. తర్వాత పెట్టుకున్న ఏజెన్సీ పోలీసు విచారణ అని చెప్పి ఆధార్ జిరాక్సు పంపింది. పోలీసులు ఇచ్చిన పత్రమే అడగాలని నాకప్పుడు తోచలేదు. మందులు తెస్తుందని అమ్మ ఏటీఎం కార్డు, పిన్ను ఆ ఏజెన్సీ పంపిన ఆమె చేతికిచ్చాము, నెలలో 38 వేలు పోయాయి. నిలదీస్తే, డబ్బుకు తాము బాధ్యులం కాదన్న వాక్యాన్ని ఒప్పందం రెండో పేజీలో చూపించారు. దాని కింద సంతకం నాదే. ఇప్పుడు మందుల షాపులో ఖాతా పెట్టి నేనే ఫోన్‌పే చేస్తున్నాను.

విశాఖపట్నం నుండి, మళ్లీ:
కెమెరా పెట్టేవారు మనిషికి చెప్పి హాల్లో పెట్టండి, స్నానం చేయించే చోట వద్దు. కెమెరాకు కనబడనిది నడుము కింద చర్మం చెబుతుంది. దగ్గరి బంధువు ఎవరైనా వారానికొకసారి చెప్పకుండా వెళ్లి, దుప్పటి తొలగించి చూడాలి. కసురుకుంటున్నారనో కొడుతున్నారనో అనుమానం ఉంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉదయం 8 నుండి రాత్రి 8 వరకు పనిచేస్తుంది.

డాలస్ నుండి, మళ్లీ:
జీతం ప్రశ్న ముగ్గురినీ అడిగాను. ఒకరు అది తమ అంతర్గత విషయమన్నారు. ఒకరు అంకె చెప్పారు గానీ కాగితం మీద పెట్టనన్నారు. మూడోవారు తారీఖుతో సహా రాసి పంపి, నాన్నగారి బరువెంతని అడిగారు. 84 కిలోలని చెబితే, ఒక్క ఆడమనిషి ఎత్తలేదు, మగమనిషిని పంపుతామన్నారు. మొదటి ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదు. సూపర్‌వైజరు శనివారం ఇంటికి వస్తున్నారు, తెనాలి నుండి మా పిన్ని కొడుకు కూడా వస్తాడు. నెల్లూరు పెద్దాయన మాట విని ఈసారి అమ్మకు ముందే అంతా చెప్పాను. వచ్చే అబ్బాయి రాత్రిళ్లు అన్నం తింటాడా, చపాతీలు తింటాడా కనుక్కోమంది.