పాత కారు బాడీకి రంగు, తుప్పు తీయడం: బ్లాస్టింగా, యాసిడ్ తొట్టా, చేతిపనా?

పాతబండి:
పునరుద్ధరణ కోసం ఒక పాత స్టీలు బాడీ కారును ఇంజిను, అద్దాలు, రబ్బర్లతో సహా పూర్తిగా విప్పాను. రేకు మీద మూడు నాలుగు పొరల రంగు, అక్కడక్కడ మందపాటి పుట్టీ, దాని కింద తుప్పు ఉన్నాయి. బాడీ మొత్తాన్ని యాసిడ్ తొట్టిలో ముంచితే ఒక్కసారిగా పని తీరిపోతుందని కొందరు, గాలి ఒత్తిడితో ఇసుకను వేగంగా కొట్టే బ్లాస్టింగ్ చాలని మరికొందరు అంటున్నారు. కారణాలతో సహా మీ అభిప్రాయం చెప్పగలరు.

రేకుపని:
బానెట్, రూఫ్, డోర్ల వంటి వెడల్పాటి రేకుల మీద బ్లాస్టింగ్ వద్దని నా వాదన. వేడి వల్ల రేకు వంకరపోతుందని చాలామంది అనుకుంటారు గానీ, ప్రధాన కారణం అది కాదు. వేగంగా వచ్చి తగిలే ప్రతి రేణువూ లోహపు పైపొరను కాస్త సాగదీస్తుంది. ఒక వైపు సాగి, రెండో వైపు సాగకపోవడంతో మిల్లీమీటరు మందం కూడా ఉండీ లేని ఆ రేకు ఉబ్బిపోతుంది, ఆ ఉబ్బును తిరిగి సరిచేయడం పేరున్న డెంటర్‌కు కూడా కష్టమే. చాసిస్, సస్పెన్షన్ భాగాలు మందమైనవి కాబట్టి వాటికి బ్లాస్టింగే మేలు. అయితే మామూలు ఇసుక మాత్రం వాడకండి. దాని సిలికా ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుందనే బ్రిటన్ 1949 నాటి నిబంధనలతోనే పోత వస్తువుల బ్లాస్టింగ్‌లో ఇసుకను నిషేధించింది. ఇసుకకు బదులు గార్నెట్ అనే ఖనిజపు రేణువులు వాడినా గాలి సరఫరా ఉన్న ముసుగు తప్పనిసరి.

తొట్టిపక్షం:
రేకుపని గారు పైకి కనిపించే రేకు గురించే మాట్లాడుతున్నారు. పాత కార్లను తినేసే తుప్పు డోర్ల కింద ఉండే సిల్ లోపల, రెండు రేకుల మధ్య మూసుకుపోయిన గదుల్లో పుడుతుంది. బ్లాస్టింగ్ నాజిల్ తనకు ఎదురుగా ఉన్న చోటును మాత్రమే శుభ్రం చేస్తుంది, గరుకు కాగితం చెయ్యి పట్టే చోటికే వెళ్తుంది. ముందు క్షారపు తొట్టిలో రంగును, తర్వాత యాసిడ్ తొట్టిలో తుప్పును వదిలించే పద్ధతి ఒక్కటే ఆ మూలలదాకా చేరుతుంది.

రేకుపని:
చేరుతుంది, నిజమే. కానీ బయటికి రావడం సంగతేమిటి? స్పాట్ వెల్డింగ్ చేసిన అంచుల్లో రెండు రేకుల మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది. అందులోకి పీల్చుకున్న యాసిడ్ ఎంత కడిగినా పూర్తిగా పోదు, కొత్త రంగు వేశాక కొన్ని నెలలకు అతుకు వెంబడి గోధుమరంగు చారగా బయటపడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. తొట్టి ఆ గదుల లోపలి పాత ప్రైమర్‌ను, అంటే రేకును కాపాడే అడుగు పూతను, కూడా ఒలిచేస్తుంది. స్ప్రే గన్ వెళ్లలేని ఆ చోట కొత్త ప్రైమర్ ఎలా వేస్తారు? కార్ల కర్మాగారంలో లాగా విద్యుత్తుతో ప్రైమర్ పట్టించే తొట్టిలో మళ్లీ ముంచగలిగితేనే మొదటి తొట్టి జోలికి వెళ్లాలి. పైగా అల్యూమినియం భాగాలనూ జింకు పూతనూ క్షారమూ తింటుంది, యాసిడ్డూ తింటుంది.

గరుకుకాగితం:
అసలు అంతటా ఒలవాలా అన్న ప్రశ్న ఎవరూ వేయడం లేదు. పాత ప్రైమర్ రేకును గట్టిగా పట్టుకుని ఉన్నచోట దాన్ని గరుకు చేసి కొత్త పొర వేస్తే సరిపోతుంది. తీయవలసిన చోట జెల్ రిమూవర్ రాసి, ప్లాస్టిక్ షీటు కప్పి, రంగు ముడతలు పడ్డాక గీకండి. అతుకులకు కొద్ది దూరంలోనే ఆపి, అంచులను చేత్తో పూర్తి చేయండి. మెథిలీన్ క్లోరైడ్ ఉన్న రిమూవర్‌కు దూరంగా ఉండండి. దాని ఆవిరి శరీరంలోకి వెళ్లి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, అమెరికాలో 2019లో సాధారణ వినియోగదారులకు దాని అమ్మకాన్ని నిషేధించడం ఊరికే జరగలేదు. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా రుద్దకుండా తడిపి రుద్దండి.

తుప్పు విషయంలో గ్రైండర్ వైర్ బ్రష్‌ను నమ్మి మోసపోకండి. రేకు తళతళ మెరుస్తుంది గానీ, భూతద్దం పెట్టి చూస్తే ప్రతి గుంట అడుగునా సూదిమొనంత నల్ల చుక్క కనిపిస్తుంది. బ్రష్ తుప్పును తీయకుండా దాని మీద మెరుగు పెట్టిందన్నమాట. ఆ గుంటలకు ఫాస్ఫారిక్ యాసిడ్ పూసి, తడి ఆరిపోకముందే కడిగి ఆరబెట్టి, తేమ పట్టేలోపు అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ వేయాలి.

పాతబండి:
వంటసోడాతో బ్లాస్టింగ్ చేస్తే రేకు ఉబ్బదంటారు. అది మధ్యేమార్గం కాదా?

రేకుపని:
రేకు ఉబ్బదు, నిజమే. కానీ అది రంగును మాత్రమే తీస్తుంది, తుప్పును కదపలేదు. మిగిలిపోయిన సోడా పొడిని బాగా కడగకపోతే ప్రైమర్ పట్టదు. రంగు మందంగా ఉండి తుప్పు లేని డోర్లకు వాడవచ్చు.

తొట్టిపక్షం:
ప్రైమర్ తొట్టి గురించి రేకుపని గారు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ సిల్ లోపలి తుప్పును అలాగే వదిలి పైన ఎంత చక్కగా రంగు వేసినా లాభం లేదు. పాతబండి గారు ముందుగా సిల్‌కు ఒక చిన్న రంధ్రం వేసి, లోపలికి కెమెరా పంపి చూడాలి. పొరలుపొరలుగా ఊడుతుంటే ఆ సిల్‌ను కోసి కొత్తది వెల్డింగ్ చేయించాలి. పైపై తుప్పే అయితే, లోపలికి పొడవాటి గొట్టంతో మైనం స్ప్రే చేస్తే చాలు, తొట్టి అక్కర్లేదు.