‘నా’ అక్షరం వచ్చింది, పాపకి నాగనిక అని పెట్టొచ్చా?

పల్నాటి కోడలు:
పాప పుట్టి పన్నెండు రోజులైంది. అనురాధ మొదటి పాదం, ‘నా’తో మొదలవ్వాలన్నారు. 21వ రోజున బారసాల. నా మనసులో ఉన్నది ఒకటే పేరు, నాగనిక. పుణేలో ఉద్యోగం చేసేటప్పుడు జున్నర్ మీదుగా నాణేఘాట్ వెళ్లాను. కనుమ అంచున ఒక గుహ, గోడల మీద బ్రాహ్మీ అక్షరాలు. నాగనిక శాతవాహన రాజు మొదటి శాతకర్ణి భార్య. చేసిన యాగాలు, దక్షిణగా ఇచ్చిన ఆవులు, ఏనుగులు, కార్షాపణాలు (ఆనాటి నాణేలు) అంకెలతో సహా చెక్కి ఉన్నాయి. రెండువేల ఏళ్ల నాటి మన రాణి పేరు రాతి మీద చూసి చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

మా అత్తయ్యకి ‘నాగ’ అంటేనే టెన్షన్. పుట్టకి మొక్కుకున్నవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలట. ఆవిడ మాట కాదనలేను, పేరు వదులుకోలేను. ఏం చెయ్యమంటారు?

చవితి పిల్ల:
అక్కా, నా పేరులోనూ నాగ ఉంది. నాగులచవితి నాడు పుట్టానని పెట్టారు, మొక్కేమీ లేదు. బడిలో మాత్రం సగం పేరే పిలిచేవాళ్లు, ఏడుపొచ్చేది. ముద్దుపేరు మీరే ముందు అలవాటు చెయ్యండి.

బాలశ్రీ వాళ్లమ్మ:
మేం గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి గౌతమీ బాలశ్రీ పేరు పెట్టుకున్నాం. నాసిక్ గుహలో ఆవిడ శాసనం ఉంది. నక్షత్రం అక్షరంతో వచ్చిన పేరు బియ్యంలో రాశాం, సర్టిఫికెట్‌లో బాలశ్రీ.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అమ్మా, మీరు చూసిన గుహలోనే దారి ఉంది. అక్కడ ఒకప్పుడు రాజకుటుంబం శిల్పాలుండేవి. ఇప్పుడు పాదాల ఆనవాళ్లే మిగిలాయి, పైన పేర్లు మాత్రం ఉన్నాయి. రాణిగారి పేరు ‘దేవి నాయనిక’ అని ఉంటుంది. నగరం ప్రాకృతంలో నయరం అయినట్టే నాగనిక నాయనిక అయింది. ఆమె పేరే, మీ అక్షరమే. నయనిక వేరే మాట, అది కంటికి సంబంధించింది. అందుకని సర్టిఫికెట్‌లో ఇంగ్లీషు స్పెల్లింగ్ రాయించేటప్పుడు దీర్ఘం పోనివ్వకండి.

పల్నాటి కోడలు:
మాస్టారూ, మీరు రాసింది అత్తయ్యకి చదివి వినిపించాను. నాయనిక, నాయనిక అని రెండుసార్లు అనుకున్నారు. పోయినేడు కాలం చేసిన మా మామగారిని మా ఆయన ‘నాయనా’ అనే పిలిచేవారు. “ఆ పిలుపు మళ్లీ ఇంట్లో వినపడుద్దిలే” అని పాపని ఒళ్లోకి తీసుకున్నారు.