బెయిల్ మీద వచ్చినవాళ్లకు నైట్ షెల్టర్‌లో చోటివ్వాలా?

కొర్లగుంట రమణ: తిరుపతిలో నైట్ షెల్టర్ చూసుకునే ఒక అక్క, బెయిల్ మీద బయటికొచ్చి ఇల్లూవాకిలీ లేనివాళ్లను కూడా చేర్చుకుంటోంది. వాళ్లకు జామీన్ల కోసం కోర్టుల చుట్టూ తనే తిరుగుతోంది. చుట్టుపక్కలవాళ్లు గొడవ చేస్తున్నారు. మీరేమంటారు?

షాపు మురళి: ఒప్పుకోం. పోయినేడాది నా షట్టర్ తాళం పగలగొట్టి గల్లాపెట్టె ఎత్తుకుపోయారు, ఇంతవరకు అతీగతీ లేదు. ఆధార్ కూడా లేనివాణ్ణి పడుకోబెడితే రేపు ఎవర్ని పట్టుకోవాలి?

లాయర్ పద్మజ: పగలగొట్టింది షెల్టర్‌వాళ్లేనని ఎవరు చెప్పారు మురళిగారూ? ఇంటిపన్ను రసీదుతో ఇద్దరు జామీన్‌దార్లు కావాలంటే బస్టాండులో పడుకునేవాడు ఎక్కడ తెస్తాడు? బెయిలబుల్ కేసులో వారంలోగా జామీను తేలేకపోతే పేదవాడిగానే చూసి సొంత పూచీకత్తు మీద వదలాలని బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) 478వ సెక్షన్ చెబుతోంది. పక్క జిల్లావాడి జామీను చెల్లదనకూడదని 1978లోనే మోతీరాం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

షాపు మురళి: అవన్నీ సరేనమ్మా. ఆధార్ ఉందా లేదా?

గోవిందా గోవింద: కుబేరుడి దగ్గర అప్పుకు స్వామివారికే సాక్షులు కావాల్సొచ్చింది, వీళ్లెంత 😄

పలమనేరు ఎరుకల బిడ్డ: మమ్మల్ని పుట్టుకతోనే దొంగలన్న చట్టం దేశమంతటా 1952కల్లా రద్దయింది. ఊళ్లో ఇప్పటికీ ఏం పోయినా జీపు ముందు మా వీధికే వస్తుంది. మా చిన్నాన్న చేయని నేరానికి లోపలుండి వచ్చాడు, అద్దెకు గది ఇచ్చినోడు లేడు. ఆ షెల్టర్‌కు నేను వెళ్లాను. గోడ మేకులకు పాలిథిన్ కవర్లు, ఒక్కో కవర్లో వాయిదా కాగితం, దువ్వెన. వాళ్ల ఆస్తి అంతే.

షాపు మురళి: జాలి నాకూ ఉందన్నా. ఆధార్ లేకుండా...

లాయర్ పద్మజ: ఆధారూ ఆధారూ అని ఎన్నిసార్లంటారు! కార్డు చూపిస్తే ఒప్పుకుంటారా?

షాపు మురళి: ఒప్పుకోను, చాలా? షెల్టర్ ఇరుకైందని నా షాపు పక్క పాత బిల్డింగుకు మారుస్తారంట. లోన్ తీసి పెట్టిన షాపు, యాత్రికులు నడిచే దారి. ఎయిర్ బైపాస్ రోడ్డులో మీ అపార్ట్‌మెంట్ కింద పెట్టమనండి చూద్దాం, మీ అసోసియేషన్ ఊరుకుంటుందా?

లాయర్ పద్మజ: ఊరుకోదు. అయినా నేను అడుగుతాను. మీరిది మొదటే చెప్పుంటే ఈ సెక్షన్లన్నీ టైపు చేసే బాధ తప్పేది.

కొర్లగుంట రమణ: అక్క ఆదివారం అందర్నీ మాట్లాడటానికి రమ్మంది.

షాపు మురళి: ఆదివారం షాపులో రష్షు. మంగళవారం పెట్టమను, వస్తా.